సీటు కింద వైరు

ఆసుపత్రి మెట్ల దగ్గరికొచ్చి ఫారూఖ్ మళ్లీ ఆగిపోయాడు. చేతిలో క్యారేజీ ఉంది. పెళ్లాం ఆమినాబీ పొద్దున్నే లేచి సర్ది ఇచ్చింది. పైకి వెళ్లడానికి మాత్రం కాళ్లు రావడం లేదు.

ఎలా వస్తాయి? పైన మంచం మీదున్న స్నేహితుడి కుడిచేతి వేళ్లు పోవడానికి తానే కారణమని తెలిసినవాడు ఏ ముఖం పెట్టుకుని మెట్లెక్కుతాడు!

గాజువాక అవతల ఓ క్వార్టర్ల కాలనీ గ్రౌండులో వాళ్లకి పని. గవర్రాజు గడ్డి కోసే బండి ఎక్కి తోలుతాడు. ఫారూఖ్ దానికి మెకానిక్కు. గవర్రాజు భార్య దేవి వెనకాలే కోసిన గడ్డి పోగుచేస్తుంది. ముగ్గురూ ఒకే కాంట్రాక్టరు కింద.

ఆ బండి సీటు కింద ఓ స్విచ్ ఉంటుంది. మనిషి సీటు మీంచి లేచాడా, ఇంజను ఆగిపోతుంది. దాంతోపాటు కింద తిరిగే బ్లేడూ ఆగుతుంది. మంచి ఏర్పాటే. కానీ మన గ్రౌండ్లు క్యారమ్ బల్లలా ఉంటాయా ఏమన్నా? గతుకులో పడి మనిషి కాస్త ఎగిరినా బండి టక్కున ఆగేది. గవర్రాజుకి ఒళ్లు మండిపోయేది.

"దీన్తోటి సచ్చిపోతన్నాను బావా. ఆ స్విచ్ సంగతేటో సూడెహె," అన్నాడు ఓ రోజు.

ఫారూఖ్ కాదనలేదు. స్విచ్చికి వెళ్లే రెండు వైర్లూ ఒకదానికొకటి కలిపేసి టేపు చుట్టాడు. ఇక సీటు మీద మనిషి ఉన్నా లేకపోయినా బండికి ఒకటే. "ఇప్పుడు రాజాలాగ తోలుకో," అని నవ్వాడు కూడా. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తోంది.

రాత్రి వానకి తడిసిన గడ్డి బ్లేడు దగ్గర ఇరుక్కుంటే గవర్రాజు దిగి, చెయ్యి పెట్టి లాగాడట. బ్లేడు తిరిగింది. అంతే. షెడ్లో టీ తాగుతున్న ఫారూఖ్ కేకలు విని పరిగెత్తేసరికి గడ్డంతా రక్తం. ఎండవేళ కావడంతో గ్రౌండులో మరో మనిషి లేడు. దేవి ఒక్కతే బండి పక్కన కూలబడి గుండెలు బాదుకుంటోంది.

అక్కడితో అయినా బాగుండేది. కాంట్రాక్టరు శ్రీరామ్మూర్తి ఆ వైర్లు చూశాడు. నిన్న ఆసుపత్రికొచ్చి, ఎవడు చేశాడీ పని అని అరిచాడు.

"నానే కలిపేనండి. ఇంకెవుడికీ తెల్దు," అన్నాడు గవర్రాజు.

"అయితే ఉద్యోగం మీద ఆశ వదులుకో. ఎల్లుండి ఎంక్వైరీకి వస్తారు. ఇదే మాట వాళ్లకీ చెప్పు," అని వెళ్లిపోయాడు శ్రీరామ్మూర్తి.

ఫారూఖ్ పక్కనే నిలబడి ఉన్నాడు. గవర్రాజు తిట్టినా, కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఇక దేవి. ఫారూఖ్ బండి విప్పితే చాలు, పక్కన చేరి "అన్నా, ఇదేటి? అదేటి?" అని ప్రాణం తీసే పిల్ల. ఆరోజు నుంచీ అతని ముఖం చూడలేదు. ఏమిచ్చినా తల వంచుకునే అందుకుంటోంది. కోపం ఉండదా మరి? కట్టుకున్నవాడి చెయ్యి!

ఎలాగో మెట్లెక్కాడు ఫారూఖ్. గవర్రాజే ముందు పలకరించాడు.

"రా బావా! ఏటి తెచ్చేవు? బిరియానీయేనా, నిన్నట్లాగ పత్యం కూడేనా?"

ఫారూఖ్ క్యారేజీ దేవి చేతికిచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"రేపు నాను సెప్పేత్తాను బావా. వైరు కలిపింది నానేనని."

"నీకేటైనా మతి పోయిందేటి? నోర్మూసుకోని ఉండు. పిల్లలున్నోడివి."

"నా పాపం నువ్వెందుకు మొయ్యాల? కన్ను మూత్తే నీ సెయ్యే. అన్నం కలపబోతే నీ సెయ్యే. దువాకి సేతులెత్తినా నీ సెయ్యే కనబడతంది. నా వల్ల కాదు."

"ఇను బావా. దణ్ణమెడదామంటే సెయ్యి లేదు గానీ, ఆళ్ల ముందు నువ్వేటీ మాటాడకు. నువ్వొకటి సెప్తే ఆళ్లు పది అడుగుతారు."

అంత నొప్పిలోనూ తనని కాపాడాలని చూస్తున్నాడు! ఫారూఖ్‌కి ఏడుపు ఆగలేదు. దేవి ముందు నేల మీద చతికిలబడ్డాడు.

"సెల్లెమ్మా, నువ్వైనా నన్ను తిట్టు. నానా పని సెయ్యకపోతే, బావ దిగ్గానే బండి ఆగిపోయుండేది. రేపు సెప్పి తీరతాను. ఉజ్జోగం పోతే పోనీ, జైల్లో ఎయ్యనీ."

దేవి క్యారేజీ కింద పెట్టేసింది.

"దేవీ!" గవర్రాజు మంచం మీంచి లేవబోయాడు. "నువ్వూరుకో!"

"ఎన్నాళ్లని ఊరుకుంతాను? నా వల్ల కాదు," అంది దేవి. ఇన్నాళ్లకి తలెత్తి ఫారూఖ్ కళ్లలోకి చూసింది.

"నువ్వా వైరు కలపకపోయినా బండి ఆగేది కాదన్నా, అప్పుడా సీట్లో కూకోని బండి తోల్తన్నది నాను."