బైండరు చెప్పిన చోటు

సోమవారం పొద్దున బైండరు నవ్వుమొహంతో ప్రెస్సులోకి అడుగుపెట్టగానే ఆపరేటరుకు కడుపు మండింది. ఇది ప్రతి సోమవారం ఉండేదే.

అచ్చు మిషన్లు మొదలయ్యాయంటే ఆ హాల్లో పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. సాయంత్రానికి అందరి గొంతులూ బొంగురుపోతాయి, ఒక్క బైండరుది తప్ప. అతను అరవడు, విసుక్కోడు. కాగితాలు మడుస్తూ, జిగురు రాస్తూ, సొంత ఇంట్లో కూర్చున్నంత నింపాదిగా ఉంటాడు. దానికి తోడు చెవులు కప్పేసి భుజాల దాకా దిగే ఒత్తయిన జుట్టు. ఆపరేటరు నెత్తిమీద దువ్వెనకు పని చెప్పేంత సరుకు లేదు. కాబట్టి ఆ జుట్టు మీద కూడా అతనికి కొంత కక్ష ఉంది.

పైగా వెనకనుంచి పిలిస్తే పలకడు. మొన్న మొన్న చేరినవాడికి ఇంత పొగరేమిటని ఆపరేటరు కనపడినవాళ్ళందరి దగ్గరా వాపోయేవాడు.

బైండరుకు ఒకటే పిచ్చి. సెలవు దొరికితే చాలు, టెంటు వీపుకు తగిలించుకుని ఎక్కడో కొండల్లోకో, చెరువు గట్టుకో చక్కా పోతాడు. తిరిగొచ్చి ఫోటోలు చూపిస్తాడు. అద్దంలాంటి నీళ్ళు, ఆ నీళ్ళలో కొండలు, మనిషి జాడ ఉండదు. అందరూ ఆహా అంటుంటే ఆపరేటరు మిషనుకు నూనె పోసుకుంటూ ఉండేవాడు, అప్పటికే పోసి ఉన్నా సరే.

ఇదంతా ఎలాగో దిగమింగేవాడే. కానీ ఒకరోజు భార్య క్యారేజీ ఇవ్వడానికి ప్రెస్సుకు వచ్చి, ఆ ఫోటోలు చూసి, బైండరుతో కాసేపు మాట్లాడింది. ఆ సాయంత్రం ఇంట్లో అంది:

"ఎంత మర్యాదస్తుడండీ. మనం మాట్లాడుతున్నంతసేపూ మన మొహంలోంచి చూపు తిప్పడు. మీరూ ఉన్నారు, నేను నోరు తెరిస్తే గోడకేసి చూస్తారు."

ఆ మాట ఆపరేటరుకు ముల్లులా దిగింది. ఆ తర్వాత ఆమె ఎప్పుడు మాట్లాడినా మొహంలోకి గుచ్చి గుచ్చి చూసేవాడు. ఒంట్లో బాగుందా అని ఆమె అడిగింది.

వాళ్ళది నాలుగురోడ్ల కూడలిలో మేడమీది వాటా. కింద వెల్డింగు షాపు, ఎదురుగా బస్టాపు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఆమెకు కంటినిండా నిద్ర లేదు. పెళ్ళిరోజుకు ఏం కావాలని అడిగితే ఆమె కోరింది ఒక్కటే. నగలొద్దు, చీరలొద్దు, ఒక్క రాత్రి ఏ చప్పుడూ లేనిచోట పడుకోవాలి.

ఆపరేటరు టెంటు కొన్నాడు. మొదటిసారి వెళ్ళినచోట పక్క టెంటువాళ్ళు స్పీకరు పెట్టుకుని తెల్లారేదాకా చిందులేశారు. ఇంకోసారి తలాపునే జనరేటరు. రెండుసార్లూ ఆమె ఎర్రటి కళ్ళతో ఇల్లు చేరింది, పల్లెత్తు మాట అనకుండా. చివరికి మాత్రం, "పోనీ, ఆ బైండరుగారిని అడక్కపోయారా?" అంది.

అడగడమంటే ఆపరేటరుకు తల కొట్టేసినట్టే. అయినా పెళ్ళిరోజు ముంచుకొస్తోంది. ఈసారీ మాట తప్పితే ఆమె ఇక ఏదీ అడగడం మానేస్తుందని అతనికి భయం పట్టుకుంది. పొగరంతా మింగి, బైండరు బల్ల ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

బైండరు పొంగిపోయాడు. చిత్తుకాగితం మీద దారి గీసిచ్చాడు.

"అంత నిశ్శబ్దంగా ఉండే చోటు నేనింకెక్కడా చూళ్ళేదన్నా. టెంటు వేసుకుని కూర్చున్నానంటే ఇక లోకం లేనట్టే. ఈ వారం నేనూ అక్కడే ఉంటా."

ఇన్నాళ్ళూ ఒక్కడే అనుభవించాడన్నమాట, అనుకున్నాడు ఆపరేటరు. మేలు చేసినందుకు కూడా అతనికి ఒళ్ళు మండింది.

చోటు మాత్రం ఫోటోలో ఉన్నట్టే ఉంది. చెరువు, చుట్టూ పచ్చటి కొండలు, మెత్తటి గడ్డి. గట్టు ఆ చివర బైండరు టెంటు అప్పటికే వేసి ఉంది. భార్య మొహం వెలిగిపోయింది. చాలా కాలం తర్వాత అతని చెయ్యి తనంతట తాను పట్టుకుంది.

చీకటి పడింది. కొండ అవతలే పెద్దరోడ్డు. ఎత్తు ఎక్కలేక లారీలు రొప్పుతున్నాయి, మలుపు తిరిగిన ప్రతి లారీ హారన్ కొడుతోంది. తూము నీళ్ళ హోరు. ఆ హోరుతో పందెం వేసుకున్నట్టు కప్పలు. ఈ లెక్కన వాళ్ళ నాలుగురోడ్ల కూడలే నయం.

ఆమె దుప్పటి కప్పుకుని తెల్లారేదాకా కూర్చునే ఉంది. పట్టుకున్న చెయ్యి ఎప్పుడో వదిలేసింది. తెల్లారాక, "ఆయన చెప్పింది ఈ చోటేనా? మీరు సరిగ్గా విన్నారా?" అంది.

అప్పుడూ తప్పు తనదే! ఆపరేటరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. కావాలనే పంపాడు, తమ పాట్లు చూసి నవ్వుకోవడానికి పంపాడు. ఆ కోపంలోనూ ఒక మూల చిన్న సంతోషం లేకపోలేదు. వాడి మర్యాద ఏపాటిదో ఇవాళ ఈవిడ కళ్ళారా చూస్తుంది. రమ్మని భార్యను వెంటబెట్టుకుని గట్టు ఆ చివరికి నడిచాడు.

బైండరు చెరువులో స్నానం చేసి, తడిజుట్టు నెత్తిన ముడేసుకుని, నీళ్ళకేసి చూస్తూ టీ తాగుతున్నాడు. హాయిగా నిద్రపోయి లేచినవాడి వాలకం.

"ఏమయ్యా!" అన్నాడు ఆపరేటరు వెనకనుంచి.

గొంతు పెంచి మళ్ళీ పిలిచాడు. బైండరు తీరిగ్గా ఇంకో గుక్క తాగాడు.

"చూశావా పొగరు," అని భార్యతో అని, విసవిసా ముందుకెళ్ళి నిలబడి, ఇన్నాళ్ళ అక్కసూ, రాత్రి తాలూకు మంటా కలిపి నోటికొచ్చినట్టు దులిపేశాడు.

బైండరు ఉలిక్కిపడి, గ్లాసు కింద పెట్టి, వాళ్ళిద్దర్నీ చూసి మొహమంతా నవ్వు చేసుకుని, "ఒక్క నిమిషం అన్నా" అంటూ జేబులోంచి చిన్న డబ్బా తీసి, అందులోని రెండు చెవి మిషన్లనూ జాగ్రత్తగా చెవులకు పెట్టుకుని, "ఇప్పుడు చెప్పు, నిద్ర బాగా పట్టిందా?" అన్నాడు.