అత్తగారి హౌసా

ఇబాదాన్‌లో కాపురానికి వచ్చిన కొత్తలో లరబా అత్తవారి భాష యొరుబా మాట్లాడితే అత్త అబెని ఇరుగుపొరుగుల్ని పిలిచేది. "మా హౌసా పిల్ల స్వరం తప్పి మొగుణ్ణి పార అంటోంది, వినండి. ఏదీ, మళ్ళీ అనవే."

ఇప్పుడు అత్త మంచాన పడింది. ఇంట్లో ఉన్నది ఇద్దరే.

"అమ్మాయ్, మంచినీళ్ళివ్వవే."

"మీ యొరుబా మరిచిపోయాను అత్తయ్యా," అంది లరబా హౌసాలో, మెత్తగా. "నా భాషలో అడగండి, ఇస్తాను."

అత్త తడబడకుండా హౌసాలో అంది.

"నా నాలుక ఎండిపోయింది."

లరబా వంటింటి వైపు చూసింది. ఆ ఇంట్లో హౌసా మాట్లాడేది తానొక్కతే, అదీ వంటింట్లో, తనలో తాను. "నీ నాలుక ఎండిపోను, ముసల్దానా," అని రోజూ గొణుక్కునేది.

అత్త హౌసా నేర్చుకున్నది అక్కడే.