రెండున్నర సెంటీమీటర్లు

మతోపే ఊరి బోరింగు కోసం రాసిన ఉత్తరం ఐదోసారి వెనక్కి వచ్చింది.

ఎడమవైపు ఖాళీ రెండు సెంటీమీటర్లే ఉందని కార్యాలయాధికారి గ్లాడ్‌వెల్ ముసుక్వా ఎర్ర సిరాతో గీత గీశాడు. రెండున్నర ఉండాలి. ఆయన ఏ కాగితాన్నయినా ముందు స్కేలు పెట్టి కొలుస్తాడు. కొలత సరిపోతేనే చదువుతాడు. ఆ బల్ల దాటితేనే ఏ అర్జీ అయినా రాజధాని లిలోంగ్వేకి వెళ్లేది.

"అయ్యా, బోరింగు పాడై ఎనిమిది నెలలైంది. ఆడవాళ్లు చిత్తడి గుంటలో నీళ్లు తోడుకుంటున్నారు. పిల్లలకు విరేచనాలు," అంది టైపిస్టు ఎనెలెసి నంబేవె. ఆమెదీ మతోపే ఊరే.

"నీళ్లు మురికిగా ఉన్నాయని ఉత్తరం కూడా మురికిగా ఉండాలా అమ్మా?" అన్నాడు ముసుక్వా. "ఇక టైపు మిషను కాగితాలు ముట్టుకోను. అన్నీ కంప్యూటర్లో చేసినవే కావాలి. రెండు నెలల్లో నేర్చుకో. లేదంటే పింఛను కాగితాలు పెట్టుకో. అవీ కంప్యూటర్లో చేసినవే తీసుకుంటాను."

ఎనెలెసికి యాభై నాలుగేళ్లు. అందులో ఇరవై తొమ్మిదేళ్లు టైపు మిషను ముందే గడిచాయి. ఆ రోజు నుంచీ సాయంత్రం ఆఫీసు వదలగానే తిన్నగా పిండిమర వెనక గదికి వెళ్లేది. అక్కడ రిటైరైన పంతులమ్మ తెరెజా మూడు పాత కంప్యూటర్లు పెట్టుకుని పాఠాలు చెప్పేది. మర తిరుగుతున్నంతసేపూ కీబోర్డుల మీద మొక్కజొన్న పిండి రాలుతూ ఉండేది.

మొదటి రోజు లైను చివరికి రాగానే ఎనెలెసి చేయి అలవాటుగా లేచి, ఇక్కడ లేని టైపు మిషను మీట కోసం వెతికి, తెరను పక్కకు తోసింది.

"అది కింద పడితే నేను వీధిన పడతాను, చెల్లీ," అంది తెరెజా. "లైను దానంతటదే దిగుతుంది. నువ్వు తొయ్యనక్కర్లేదు."

"అన్నీ అదే చేసుకుంటే ఇక నేనెందుకు టీచరమ్మా?"

"ఏం రాయాలో దానికి తెలియదుగా."

శీర్షికను మధ్యకు తేవడానికి ఎనెలెసి స్పేస్ బార్‌ను ముప్పై రెండుసార్లు నొక్కింది. తెరెజా తల పట్టుకుంది. "ఒక్క నొక్కుతో అయ్యే పని అది. ఇన్నేళ్లు సర్కారు కొలువు చేశావు మరి. ఒక్కసారితో ఏదీ కాదని నీ వేళ్లకు కూడా తెలిసిపోయింది."

కరెంటు పోయినప్పుడల్లా రాసిందంతా పోయేది. మూడుసార్లు ఏడ్చింది. నాలుగోసారి నుంచి సేవ్ చేయడం మరచిపోలేదు. నెల తిరిగేసరికి మార్జిన్లు కుదిరాయి. బోల్డ్ అక్షరాలు ఎక్కడ వాడాలో, పైన ప్రభుత్వ ముద్ర ఎలా తేవాలో, కింద నకళ్లు ఎవరెవరికి వెళ్తాయో రాసే వరస ఎలా ఉండాలో తెలిసింది.

బోరింగు ఉత్తరాన్ని మళ్లీ చేసి పట్టుకెళ్లింది. ముసుక్వా నాలుగు వైపులా కొలిచాడు. నాలుగూ సరిపోయాయి. ఆయన ముఖం చిన్నబోయింది. కాసేపు వెతికి, వేలు పెట్టి చూపించాడు.

"పేజీ నంబరేది?"

"ఉన్నదే ఒక్క పేజీ కదయ్యా."

"రెండోది లేదని నాకెలా తెలియాలి?"

ఆ వారమే ఎనెలెసి చెల్లెలి మనవరాలిని నీళ్ల విరేచనాలతో ఆసుపత్రిలో చేర్చారు. ఎనెలెసి ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుని క్లాసుకు వెళ్లింది. ఆ రోజు తెరెజా ఆఖరి పరీక్ష పెట్టింది. ఎనెలెసి రెండు గంటలు తల ఎత్తకుండా రాసింది.

పది రోజుల తర్వాత ఆఫీసు టపాలో ముసుక్వాకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఉత్తరాన సరస్సు ఒడ్డునున్న చిసాంగాలో కొత్త కార్యాలయం తెరవాలి. వెంటనే బయలుదేరాలి.

ఆయన కుప్పకూలిపోతాడనుకున్నారు అందరూ. ఆయన స్కేలు తీశాడు. పైనా కిందా కొలిచాడు. ఎనెలెసి పక్కనే నిలబడి చూస్తోంది.

"తప్పేమీ లేదా అయ్యా?" అని అడిగింది.

"ఒక్క మిల్లీమీటరు తేడా లేదు. పేజీ నంబరు కూడా ఉంది. చూడు, ఉత్తర్వంటే ఇలా ఉండాలి. నువ్వు ఇంకో ఇరవై ఏళ్లు నేర్చుకున్నా ఇలా చేయలేవు."

"ఎవరు సంతకం చేశారయ్యా?"

"చదవడానికి రావడం లేదు. పెద్దవాళ్లదే."

ఎనెలెసి ముఖం పక్కకు తిప్పుకుంది. తను వెళ్లిపోతున్నందుకే అనుకుని ముసుక్వా మొదటిసారి ఆమెతో మెత్తగా మాట్లాడాడు. సాగనంపే రోజు ఆఫీసువాళ్లు మొక్కజొన్న పిండి ముద్ద నసిమా, కోడికూర పెట్టారు. ఆయన రెండోసారి కూడా వడ్డించుకుని, కళ్లు తుడుచుకుని, బస్సెక్కాడు.

ఆయన కుర్చీలోకి వచ్చిన కింది గుమాస్తా బందావె దగ్గర స్కేలు లేదు. బోరింగు ఉత్తరం మీద చదవకుండానే సంతకం పెట్టాడు. ఆరు వారాల్లో మతోపే బోరింగులో మళ్లీ నీళ్లు వచ్చాయి. పాప కూడా కోలుకుని ఇంటికి వచ్చింది.

చిసాంగాలో ముసుక్వా చేపలు ఎండబెట్టే ఆవరణలో ఒక గది అద్దెకు తీసుకుని బోర్డు తగిలించాడు. అక్కడి నుంచి నెలనెలా లిలోంగ్వేకి నివేదికలు పంపాడు. వాటి మార్జిన్లు ఎంత చక్కగా ఉన్నాయంటే మూడో నెలకల్లా ఆ కార్యాలయానికి ఒక ఫైలు నంబరు, రెండు కుర్చీలు, ఒక బంట్రోతు మంజూరయ్యాయి.

ఆ బదిలీ ఉత్తర్వుకు తెరెజా పరీక్షలో ఎనెలెసికి నూటికి నూరు మార్కులు వచ్చాయి.