తొమ్మిది వందల పన్నెండు

పెళ్ళయిన మూడో వారం నవత మొగుడి చాయ్‌లో వైరు ముంచింది.

"నా చాయ్‌కి కరెంటు పెడ్తున్నవా ఏంది?" కరుణాకర్ గ్లాసు వెనక్కి లాక్కున్నాడు.

"కరెంటు కాదు, సెన్సర్. నీళ్ళల్ల కరిగిన ఉప్పు, సున్నం ఎంతున్నయో చెప్తది. జర కదలకుండ పట్టుకోరాదు!"

అరచేతిలో పట్టే బోర్డు, అగ్గిపెట్టెంత తెర, రెండు సూదులున్న సెన్సర్. అన్నీ కొరియర్‌లో తెప్పించుకుంది. ప్రోగ్రాం తనే రాసుకుంది. తెర మీద అంకె మారినప్పుడల్లా చప్పట్లు కొట్టింది. గంజిలో ముంచింది. కొబ్బరినీళ్ళలో ముంచింది. బోరు నీళ్ళలో ముంచింది. కరుణాకర్ గ్లాసులు కడిగి అందిస్తూ ఆమె వెనకే తిరిగాడు. ఆ ఇంట్లో ఇంత నవ్వు వినబడి రెండేళ్ళయింది.

లోపలి గదిలో మంచం మీదున్న మామ అంజన్న మాత్రం నవ్వలేదు.

"మనకు నీళ్ళ ముచ్చట ఎందుకు బిడ్డా," అన్నాడు, గోడ వైపు తిరిగి.

ఎందుకో నవతకు తెలుసు. సంబంధం కుదిరిన రోజే కరుణాకర్ చెప్పాడు.

అంజన్న పదకొండేళ్ళు జమ్మికుంటలో సీతారాంరావు వాటర్ ప్లాంటు నడిపాడు. ఫిల్టర్లు పాడయ్యాయి, మార్చమని నెల రోజులు చెప్పాడు. సీతారాంరావు మార్చలేదు. వాడలో పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. జనం ప్లాంటు ముందుకు వచ్చారు. సీతారాంరావు అంజన్న మెడ పట్టి వాళ్ళ ముందుకు తోశాడు.

"వీడే. టాంకీ కడుగలే."

"నిన్ననే కడిగిన. నా బిడ్డల మీద ఒట్టు!" అని అంజన్న మొత్తుకున్నాడు. ఒక్కరూ నమ్మలేదు. గుంపులోంచి ఎవరిదో చెప్పు ఎగిరి వచ్చి భుజానికి తగిలింది.

ఆ రోజు నుంచి అంజన్న గడప దాటలేదు. దాటింది ఒక్కసారే, కొడుకు పెళ్ళికి. అదీ ఆటోకు రెండు పక్కలా పరదాలు దించుకుని.

పసుపు బట్టల్లో కూర్చున్న నవత ఆ పరదాలు చూసింది. అక్షింతలు పడుతుండగానే నిర్ణయించుకుంది. వాడలో పోయిన పరువు వాడలోనే తిరిగి రావాలి. సీతారాంరావు అదే చోట, అదే జనం ముందు నిలబడాలి.

ఆదివారం పొద్దున ప్లాంటు దగ్గర క్యాన్ల వరుస రోడ్డు దాకా ఉంది. చేతుల నిండా పెళ్ళి గాజులతో, ఖాళీ క్యానుతో నవత వరుసలో నిలబడింది. సీతారాంరావు కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు.

"కొత్తగున్నవ్. ఎవలింటి పిల్లవు?"

"అంజన్న కోడల్ని సారూ."

వరుసలో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"చేతుల గదేంది?"

"నీళ్ళను చూసే మీటరు. నేనే చేసిన. చూడొద్దంటే పోత."

"చూస్కో, నాకేం ఫికర్!"

నవత ముందు తన స్టీలు సీసా మూత తీసి సెన్సర్ ముంచింది. తెర అందరి వైపు తిప్పింది. అరవై ఒకటి.

"గిది మా ఇంటి ఫిల్టరు నీళ్ళు. ఫిల్టరు మంచిగుంటే వంద దాటది," అంది.

తర్వాత ప్లాంటు నల్లా తిప్పి గ్లాసు పట్టింది. ముంచింది.

తొమ్మిది వందల పన్నెండు.

"ఓర్నీ! మా బోరుల గూడ గిన్ని లేవు గదా!" మార్కెట్ యార్డులో హమాలీ పని చేసే రాజం అందరికంటే ముందు అరిచాడు.

సీతారాంరావు కుర్చీలోంచి లేచాడు. "తప్పు చూపెడ్తుంది. ఇంకోసారి పెట్టు!"

పెట్టింది. తొమ్మిది వందల పదిహేను.

"మొన్ననే కొత్త ఫిల్టర్లు ఏసిన. నా బిడ్డల మీద ఒట్టు!"

ఆ మాట విన్నప్పుడు నవత ఒళ్ళంతా చల్లబడింది, ఎండలో చెరకు రసం తాగినట్టు.

సీతారాంరావు సొరుగులోంచి తన మీటరు తెచ్చి గ్లాసులో పెట్టాడు. "చూడుండ్రి, నలభై ఎనిమిది! చూడుండ్రి!"

"నీ మీటరు నీ మాట వింటది సారూ," అన్నాడు రాజం. "గా పిల్ల మీటరు నీళ్ళ మాట వింటది."

జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"గప్పుడు గూడ గిట్లనే బొంకిండు!" వెనక నుంచి ఒక ఆడగొంతు. "పాపం గా అంజన్న మీద పెట్టిండు!"

ఒక క్యాను దొర్లింది. ఇంకొకటి పగిలింది. నవత పోలేదు, పక్కకు జరిగి నిలబడింది. ఆమె ఎదురుచూస్తున్నది ఇంకా రాలేదు.

వచ్చింది. చెప్పు గాలిలో ఎగిరి సీతారాంరావు తెల్ల చొక్కా మీద పడింది.

అప్పుడు నవత ఖాళీ క్యాను ఎత్తుకుని ఇంటికి నడిచింది.

ఆమె చేరిన కాసేపటికే రాజం, మరో నలుగురు వాకిట్లోకి వచ్చారు.

"అంజన్నా, తప్పయింది. రెండేండ్ల సంది నిన్ను గోస పెట్టినం. రా, హోటల్ల చాయ్ తాగుదాం."

అంజన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పట్టు చిక్కకపోతే కరుణాకర్ పెట్టాడు. గడప దగ్గర ఆగి, అంజన్న కోడలి తల మీద చెయ్యి వేశాడు. పట్టపగలు, తల ఎత్తుకుని వీధిలోకి దిగాడు. కరుణాకర్ కళ్ళు తుడుచుకుంటూ తండ్రి వెంట వెళ్ళాడు.

మామ సందు మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడి చూసిన నవత లోపలికి వచ్చి, బోర్డును ల్యాప్‌టాప్‌కు తగిలించి, రెండోసారి నుంచి ఏ నీళ్ళలో ముంచినా తొమ్మిది వందలు దాటిన అంకె చూపించమని ఆ పొద్దున తాను ప్రోగ్రాంలో రాసిన వరుసను చెరిపేసింది.