మొదటి వేలు తీయకముందే

"తలుపు మెల్లగా వేయండి! రికార్డింగు జరుగుతోంది!" అని అరిచింది స్వరకర్త.

వచ్చినవాడు తలుపు దడాలున వేసి, సంచీ దించి, మూలనున్న పెద్ద స్పీకరు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

స్పీకర్ల దుకాణం పంపిన రిపేరు మనిషి. పొద్దుటి నుంచీ ఆ స్పీకరు బరబరమంటోంది.

స్వరకర్తకు తల తిరిగిపోతోంది. తొలి సినిమా, తొలి పాట. పాట అడుగున నడవాల్సిన మంద్రస్వరాల వరస, బేస్, దర్శకుడికి రెండుసార్లు నచ్చలేదు. నాలుగింటికి మళ్లీ వస్తాడు. ఈసారీ కుదరకపోతే పాట వేరేవాళ్లకిస్తానని మొహం మీదే చెప్పాడు.

కంప్యూటర్లో ఆమె వాడే సింథ్ వాద్యం ఒంటి గొంతు రకం. కీబోర్డు మీద మూడు మెట్లు కలిపి నొక్కినా పలికేది ఒక్క స్వరమే. వారంగా దాంతోనే కుస్తీ.

"తొందరగా కానివ్వండి," అంది అతని వీపు చూస్తూ.

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మరలు బిగించి లేచి, ఇటు తిరిగాడు. "అయిపోయిందమ్మా. ఏదైనా వాయించండి," అన్నాడు, గదికి మించిన గొంతుతో.

ఆమె బేస్ వాయించింది. అతను స్పీకరు మీద అరచెయ్యి ఆనించి, ఆమె వేళ్లనే చూస్తూ నిలబడ్డాడు.

"స్పీకరు బాగుంది. మీ వాయింపులోనే గుంటలున్నాయి."

"ఏంటీ?"

"ఒక మెట్టు వదిలేశాక రెండోది నొక్కుతున్నారు. మధ్యలో తెగిపోతోంది. మొదటి వేలు తీయకముందే రెండోది వేసి చూడండి, జారుకుంటూ పోతుంది."

పన్నెండేళ్లు పియానో నేర్చుకున్న మనిషికి వేలు ఎప్పుడు తీయాలో మరలు బిగించేవాడు చెప్పడమా! ఆమెకు ఒళ్లు మండింది. కంప్యూటరు వైపు తిరిగిపోయి, "ఇక దయచేయండి," అంది.

అతను కదల్లేదు.

"వెళ్లమన్నానా!"

అప్పటికీ కదల్లేదు. ఆమే లేచి వెళ్లి తలుపు బార్లా తీసింది. అతను గబగబా సంచీ ఎత్తుకున్నాడు.

అతను మెట్లు దిగకముందే దుకాణానికి ఫోన్ చేసింది.

"ఏం మనిషండీ! చెప్పిన మాట ఒక్కటీ వినడు. ఇంకెప్పుడూ అతన్ని పంపకండి."

"ఇంతకుముందూ ఇద్దరు ఇదే మాటన్నారు మేడం. ఇవాళ్టితో మాన్పించేస్తా," అన్నాడు యజమాని.

మూడున్నర దాకా తనకొచ్చిన విద్యలన్నీ ప్రదర్శించింది. బేస్ లొంగలేదు. చివరికి, చుట్టూ ఎవరూ లేరు కదా అని, అతను చెప్పినట్టు వేలు తీయకముందే రెండో వేలు వేసింది.

స్వరం తెగలేదు. ఒకదాన్నుంచి ఇంకోదానికి నూనెలా జారింది. పాటకు కాళ్లొచ్చాయి.

"ఇన్నాళ్లూ ఎక్కడ దాచావమ్మా దీన్ని?" అన్నాడు నాలుగింటికి వచ్చి విన్న దర్శకుడు.

ఆమెకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆయన వెళ్లగానే దుకాణానికి ఫోన్ చేసింది.

"అతన్ని మాన్పించకండి. తప్పు నాదే. ఒక్కసారి ఫోనివ్వండి, క్షమాపణ చెప్పుకోవాలి."

"మధ్యాహ్నమే పంపేశాను మేడం."

"నంబరన్నా ఇవ్వండి."

"ఫోన్ వాడడు మేడం. పనిలో చేరి నెల కూడా కాలేదు, నాకూ ఇవాళే తెలిసింది," యజమాని గొంతు తగ్గింది. "పనిముట్ల కోసం వాళ్లావిడ వచ్చి చెప్పింది, ఎదురుగా ఉంటే పెదాలు చూసి మాట్లాడతాడు గానీ, ఎనిమిదేళ్లుగా అతనికి రెండు చెవులూ వినపడవట."