పచ్చ గడి

“మళ్ళీ మసకే. ఆ షాపువాడు నాకు పనికిరాని లెన్సు అంటగట్టాడు,” అంటూ తండ్రి కెమెరాని కూతురి చేతిలో పెట్టాడు.

కుర్చీలో కూర్చున్న కూతురు తన ఫొటోని పెద్దది చేసి చూసింది. మొహం అలుక్కుపోయినట్టుంది. వెనక గోడ మీదున్న అన్నయ్య ఫొటో మాత్రం చొక్కా గుండీలతో సహా తేటగా పడింది.

“లెన్సు బాగానే ఉంది నాన్నా. అన్నయ్య మొహాన్ని కెమెరాకి గుర్తుపెట్టించావుగా. అది కనిపిస్తే చాలు, ఫోకస్ అక్కడికే పోతుంది.”

అన్నయ్య బండి ప్రమాదంలో పోయి రెండేళ్ళయింది.

“పోనీ అది తీసెయ్యండి,” అంది తల్లి, వంటింటి గుమ్మంలో గిన్నె తుడుస్తూ.

తండ్రి మెనూ తెరిచాడు. ఈ మొహాన్ని తొలగించాలా అని కెమెరా అడిగింది. అతని బొటనవేలు బటన్ మీదే ఆగిపోయింది.

“తీసెయ్యొద్దులే. నాది కూడా చేర్చు, చాలు,” అంది కూతురు.

మొహాన్ని చేర్చాలంటే దగ్గరగా, నేరుగా, నీడ పడకుండా తియ్యాలి. కూతురు నుదుటి మీది జుట్టు వెనక్కి తోసుకుంది. వ్యూఫైండర్లో ఫోకస్ చూపే పచ్చ గడి వచ్చి ఆమె మొహం మీద నిలిచింది. తండ్రి నొక్కబోయి, కెమెరా దించాడు.

“కనుబొమ పైన ఆ కుట్ల మచ్చేమిటమ్మా? ఎప్పుడు తగిలింది?”

తల్లి గిన్నె తుడవడం ఆపేసింది.

“అప్పుడే నాన్నా,” అంది కూతురు, కదలకుండా. “బండి మీద అన్నయ్య వెనక నేనూ ఉన్నాను కదా.”