కోసిన వల

సముద్రం ఒడ్డుకి తోసిన వల ముక్కను చూడగానే రమ్యశ్రీ దాన్ని లాక్కొచ్చి అత్త చేతిలో పెట్టింది. ఇంటిల్లిపాదీ కూర్చుని అల్లిన వల అది. నిన్న దాంతో వేటకెళ్లిన భర్త, మరుదుల ఫోన్లు గాలివాన మొదలైనప్పటి నుంచీ పలకడం లేదు.

"మనదేనా, అత్తా?"

"నా ముడే," అంది అప్పాయమ్మ, అంచు తడుముతూ.

తోడికోడళ్లు గొల్లుమన్నారు.

"నోర్ముయ్యండే! ఇది చిరగలేదు, కత్తితో కోశారు. వల బరువు వదిలించుకుంటే పడవ తేలుద్ది."

రమ్యశ్రీ అత్త వైపు తిరిగింది. "ప్రాణం పోయినా వల వదలొద్దనేగా నువ్వు చెప్పి పంపావు!"

"చెప్పాను." అప్పాయమ్మ ఆ కోసిన అంచుని కళ్లకద్దుకుంది. "నా మాట వినలేదే, నా తండ్రులు!"